నార్వే వాళ్ల 'ఎఫెక్ట్' తికమక

మీ ఓస్లో కొలీగ్ మెయిల్‌లో "హీటర్ ఎఫెక్ట్ 2000 వాట్లు" అని రాశాడు, అదేంటో అర్థం కాలేదన్నారు కదండీ. నార్వేజియన్‌లో 'ఎఫెక్ట్' అంటే ప్రభావమే కాదు, వాట్లలో కొలిచే పవర్ కూడా. ఇంగ్లీషులో అక్కడ 'పవర్' అనే రాయాలి.

అసలు చిక్కు 'ఎఫెక్టీవ్'తో. ఆ ఒక్క మాటే వాళ్లకు ఇంగ్లీషులోని రెండు మాటల పని చేస్తుంది. మనకైతే మందు పనిచేస్తే ఎఫెక్టివ్, తక్కువ టైమ్‌లో పని తెమిల్చే మనిషి ఎఫిషియెంట్. కాబట్టి మిమ్మల్ని 'వెరీ ఎఫెక్టివ్' అన్నాడంటే బహుశా చకచకా చేస్తారని మెచ్చుకున్నట్టే, టెన్షన్ వద్దు!

రూల్ అమల్లోకి రావడం వాళ్లకు 'త్రే ఈ క్రాఫ్ట్', అంటే బలంలోకి అడుగుపెట్టడం. దాన్ని మక్కీకి మక్కీ దించితే 'టేక్ ఎఫెక్ట్' అని దిద్దండి.