వెంటిలేటర్ తీసేయమంటే అమ్మని మేమే చంపినట్టా?

అమ్మగారు వెంటిలేటర్ మీద ఉన్నారు, ఇక కోలుకోరని డాక్టర్లు చెప్పేశారు, తీసేయమంటే మన చేతులతో చంపినట్టే కదా అని అడిగారు. కాదండి. ప్రాణం తీసేది జబ్బు, మీరు కాదు.

ముందు బ్రెయిన్ డెత్, అంటే మెదడు మళ్లీ పనిచేయకుండా పూర్తిగా ఆగిపోయింది అన్నారో లేదో కనుక్కోండి. అదైతే 1994 అవయవ మార్పిడి చట్టం కిందకి వస్తుంది, నలుగురు డాక్టర్లు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు టెస్ట్ చేస్తారు, తేలితే మనిషి పోయినట్టే లెక్క, జీవన్‌దాన్ (మన ప్రభుత్వ అవయవదాన పథకం) వాళ్లు అవయవదానం గురించి అడుగుతారు. మీరు రాసిందాన్ని బట్టి అమ్మగారిది అది కాదనిపిస్తోంది. ఇలా ఇక కోలుకోని వాళ్లకి వెంటిలేటర్ లాంటివి తీసేయొచ్చని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 2023లో ప్రొసీజర్ కొంచెం తేలిక చేసింది. హాస్పిటల్లో ముగ్గురు డాక్టర్ల బోర్డు, ఆపైన ఇంకో ముగ్గురితో రెండో బోర్డు, ఇంట్లోవాళ్ల సమ్మతి, తీసేముందు హాస్పిటలే మేజిస్ట్రేట్‌కి తెలియజేయాలి. అంటే భారమంతా మీ ఒక్కరి నెత్తిన వేయరు.

మా నాన్నకి స్ట్రోక్, దాని మీద న్యుమోనియా. గొట్టం పీకేసుకుంటున్నారని రెండు చేతులూ బ్యాండేజ్ గుడ్డతో మంచం కమ్మీకి కట్టేశారు, మణికట్ల దగ్గర కమిలిపోయి నల్లగా అయింది, తర్వాత స్పృహే లేదు. అమెరికాలో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో ఎంత ఖర్చైనా కానీ అని ఏడుస్తాడు, మేనత్తేమో ఊపిరి ఉన్నంతసేపు ఆశ వదలొద్దు అంటుంది, ఎవరి ప్రేమనీ తప్పుపట్టలేను కానీ అందరం మా భయం గురించే మాట్లాడుకుంటున్నాం, నాన్నకేం కావాలో ఎవరం అడగట్లేదు. చివరికి అమ్మే నోరు విప్పింది. వాళ్ల ఫ్రెండ్‌ని ఐసీయూలో చూసొచ్చిన రోజు నాన్న అన్నం ముందు కూర్చుని "నాకు గిట్ల గొట్టాలు పెట్టించకు, ఇంట్లనే పండబెట్టు" అన్నారట. అంతే, తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు.

అందుకే ఈ రాత్రి అక్కాతమ్ముళ్లు అందరూ కూర్చుని అమ్మ ఎప్పుడైనా, ఎవరి చావు దగ్గరైనా ఏమన్నదో గుర్తు చేసుకోండి. జనం ఏమనుకుంటారో తర్వాత చూద్దాం. మా అమ్మ ఇప్పుడు తన లివింగ్ విల్, అంటే చివరి దశలో తనకి ఏ వైద్యం వద్దో ముందే చెప్పే కాగితం, రాసి ఇద్దరు సాక్షులతో నోటరీ చేయించింది, గెజిటెడ్ ఆఫీసర్ ముందు చేసినా చెల్లుతుంది.

ఇంకొకటి, డాక్టర్‌ని గట్టిగా అడగండి, వెంటిలేటర్ తీశాక ఆయాసం, నొప్పి తెలియకుండా ఏ మందులు ఇస్తారు, ఎవరు పక్కన ఉంటారు అని. మిషన్ ఆపినంత మాత్రాన వైద్యం ఆపకూడదు, అప్పుడే అమ్మగారికి అది ఎక్కువ అవసరం. మీరు లోపలికెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చుంటామని కూడా అడగండి, విజిటింగ్ టైం కాదన్నా సరే.