బచ్చలి తీగకి కట్టిన రిమ్మే మీ కేసు

ప్రశ్న: మాది తెనాలి. 2023 నవంబర్‌లో అబ్బాయికి 34 వేలు పెట్టి ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాం. 2024 జూన్‌లో వెనక రిమ్ పగిలింది. గుంటలో పడేసి ఉంటారు, వారంటీ రాదు, మోటారుతో కలిపి చక్రం మొత్తం మార్చాలి, 13 వేలవుతుందని షోరూంలో అందరి ముందూ చులకన చేసి మాట్లాడారు. ఆ తర్వాత ఇరవై నెలలుగా వాట్సాప్‌లో "చూస్తాం మేడం" అంటూనే ఉన్నారు. మా వీధి మెకానిక్ అదే మోటారుకి వేరే రిమ్ అల్లి 2,800 తీసుకున్నాడు, బిల్లివ్వలేదు, కావాలంటే ఇప్పుడు పాత తేదీతో ఇస్తానంటున్నాడు. పాత రిమ్ డాబా మీద బచ్చలి తీగకి కట్టాం. కేసు గెలుస్తామా?

జవాబు: అమ్మా, షోరూంలో ఎవరేమన్నారో పక్కన పెట్టండి, దాంతో కేసు తేలదు. ఉత్తరం చివర్లో మాటవరసకి రాసిన బచ్చలి తీగ ఉంది చూడండి, అసలు సంగతి అక్కడుంది. రిమ్‌లో లోపం ఉందని నిరూపించాల్సింది మీరే, వాళ్లు కాదు. వస్తువుని టెస్ట్ చేయిస్తేగాని లోపం తేలదనుకుంటే కేసు వినే వినియోగదారుల కమిషనే దాన్ని సీల్ వేసి ల్యాబ్‌కి పంపుతుంది, మరి పంపడానికి రిమ్ ఉండాలిగా! ఇరవై నెలలు ఎండకీ వానకీ వదిలేశారు, ఇదేం నిర్లక్ష్యమండీ.

ఇవాళే విప్పి తెచ్చి వెలుతురులో చూడండి. కడగొద్దు, గీకొద్దు. గుంటలో పడితే రిమ్ అంచు లోపలికి నొక్కుకుపోతుంది, ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా కాకుండా అంచు గుండ్రంగానే ఉండి, పుల్లలు బిగించే కన్నాల చుట్టూ సన్నగా చీలికలొచ్చి అల్యూమినియం పైకి ఉబ్బినట్టుంటే అది లోపం వైపు చూపించే గుర్తు, అప్పుడు కేసు వేయొచ్చు. అంచే నొక్కుకుపోయి ఉంటే మాత్రం 2,800తో పోయిందనుకుని ఊరుకోండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. వాళ్లు "చూస్తాం" అన్న ప్రతిసారీ లెక్క మళ్లీ మొదలవుతుందని మీరనుకుంటున్నారు, కాదు, ఉత్తర ప్రత్యుత్తరాలతో గడువు పెరగదు. రిమ్ పగిలిన రోజు నుంచే లెక్కేసుకుని 2026 జూన్ రాకముందే ఫైల్ చేసేయండి. దాటితే ఆలస్యానికి సరైన కారణం చూపించాలి, "మెసేజ్‌లు పెడుతూ కూర్చున్నా" అంటే ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు.

పాత తేదీ బిల్లు జోలికి మాత్రం అస్సలు పోవద్దు. బిల్లు పుస్తకంలో ముందు నంబరూ వెనక నంబరూ అడిగితే చాలు అది దొంగదని తేలిపోతుంది, నిజమైన రిమ్ కూడా అబద్ధం కింద కొట్టుకుపోతుంది, పైగా మీరూ మెకానిక్కూ ఇద్దరూ ఫోర్జరీలో ఇరుక్కుంటారు. అప్పుడేం జరిగిందో ఇవాళ్టి తేదీతో నిజం రాసి అఫిడవిట్ ఇవ్వమనండి చాలు. ఏ సైకిల్‌ నుంచి ఆ రిమ్ తీశాడు, ఎంత తీసుకున్నాడు, పాతది ఎవరి చేతికిచ్చాడు అనేవి అందులో ఉండాలి. పగిలిన రోజు చక్రం సైకిల్‌కి ఉండగానే తీసిన ఫొటో ఉంటే ఇంకా మంచిది. చాట్లు ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి.



ముందు షోరూంకీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపి పదిహేను రోజులు ఆగండి. తర్వాత గుంటూరు జిల్లా కమిషన్‌లో వేయండి, మీరుండే చోటే వేసుకోవచ్చు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనూ కుదురుతుంది, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కూడా కాదు. ల్యాబ్ ఫీజు మాత్రం మీరే ముందు కట్టాలి. అడిగేటప్పుడు 2,800, ఖర్చులు, కాస్త పరిహారం అడగండి, మనోవేదనకి ఐదు లక్షలని రాయకండి.