జ్వరం కాదు, ముందు పాలు చూడండి

నెల నిండని బిడ్డకి ప్రమాదకరమైన వైరస్ సోకితే ఇంట్లోవాళ్ళం ఎలా కనిపెట్టాలి, మందుందా అని అడిగారు. వాటిలో హెర్పిస్ అనే వైరస్‌కి మందుంది. కనిపెట్టడమే కష్టం, ఎందుకంటే అందరం జ్వరం కోసమే చూస్తాం. పసిగుడ్డుకి జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లబడిపోవచ్చు కూడా. నన్నడిగితే ముందు చూడాల్సింది పాలు.

మా చెల్లెలి కూతురికి బారసాలకి ముందు జరిగిందిది. అంతదాకా రొమ్ము వదలని పిల్ల, ఆ పొద్దున రెండు గుక్కలు లాగి నిద్రలోకి జారిపోయింది. అరికాలు రుద్దినా కళ్ళు తెరవలేదు. "నిద్రపోయే పిల్లని కదపకండే, మాడుకి కాస్త ఆముదం అద్దండి" అంది అమ్మ. పక్కింటావిడొచ్చి దిష్టి తీసింది. ఒళ్ళో వేసుకుని చెయ్యెత్తి వదిలితే తడిగుడ్డలా వాలిపోయింది. సాయంత్రానికి ఎడమచెయ్యి ఒకే తీరున కొట్టుకోవడం మొదలైంది. గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. మామూలు ఉలికిపాటైతే పట్టుకుంటే ఆగిపోతుంది. ఇది ఫిట్స్.

"ఇంటికొచ్చినవాళ్ళలో ఎవరికైనా పెదవి మీద పొక్కులున్నాయా?" అని అడిగారు డాక్టరుగారు. ఉన్నాయి. చూడ్డానికొచ్చిన బంధువొకరు, రాత్రి సాలెపురుగు పాకి పెదవి పొక్కిందంటూనే పిల్లని ఎత్తుకుని ముద్దులు పెట్టి వెళ్ళారు. అది హెర్పిస్. పెద్దవాళ్ళకి పదిరోజుల్లో మాడిపోయే పొక్కు, పసిబిడ్డకి మెదడుకెక్కొచ్చు. మా పిల్ల ఒంటిమీద ఒక్క పొక్కూ లేదు, కాబట్టి పొక్కుల కోసం ఎదురుచూడకండి. అసలు బాలింతని చూడ్డానికి ఊరంతా రావడమేంటి? వచ్చినా, చేతులు కడుక్కోకుండా బిడ్డనందుకోవడమేంటి? వద్దంటే పొగరంటారు. అననివ్వండి.

పరీక్షకి వెన్నులోంచి నీరు తీయాలనగానే కాళ్ళు పడిపోతాయని అత్తింటివాళ్ళు సంతకం పెట్టనివ్వలేదు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ పిల్లల ప్రాణాల మీదికి తెస్తోంది. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద. చివరికి చెల్లెలే సంతకం చేసింది. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఎసైక్లోవిర్ అనే మందు మొదలుపెట్టారు, పిల్లని బతికించింది అదే. చర్మం, కన్ను, నోటి వరకే ఉంటే 14 రోజులు, మెదడుకో లోపలి అవయవాలకో పాకితే కనీసం 21 రోజులు, 8 గంటలకోసారి నరంలోకే ఎక్కిస్తారు. ఆ తర్వాత 6 నెలలు నోటిమందు. కిడ్నీలకీ రక్తానికీ పరీక్షలు చేస్తూ ఉంటారు. పిల్ల తేరుకుందని మధ్యలో ఇంటికి తీసుకెళ్ళిపోకండి. మాది ఇప్పుడు బడికెళ్తోంది.

ఇంకో సంగతి. ఎక్కువమంది పిల్లలకి ఇది కాన్పులో తల్లి నుంచే వస్తుంది. తల్లికి మర్మాంగం దగ్గర పొక్కులొస్తే సిగ్గుపడి డాక్టరుకి చెప్పరు, అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు. చెప్పాలి, కాన్పుకి ముందే.

ప్రతి చేతిలో సెల్‌ఫోనున్న ఇంట్లో థర్మామీటర్ మాత్రం ఉండదు. కొనండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరినా, వెచ్చగా కప్పినా ఒళ్ళు చల్లగానే ఉన్నా, పాలు పట్టకపోయినా, మూలుగుతున్నా, డొక్కలెగరేస్తున్నా, ఊపిరి నిమిషానికి 60 దాటినా మందులషాపు చుక్కలమందు వేసి తెల్లారేదాకా చూడకండి. 108కి ఫోన్ చేసి, పసిపిల్లల ప్రత్యేక వార్డున్న ఆస్పత్రికి వెళ్ళండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనూ ఉంటుంది. దారిలో బిడ్డని తల్లి గుండెకి ఆనించి కప్పండి. ఎవరు ముద్దుపెట్టారో, ఎవరికి పొక్కులున్నాయో అక్కడ దాచకుండా చెప్పండి.