పచ్చళ్ళ వ్యాపారానికి వర్చువల్ అసిస్టెంట్‌ని పెట్టుకోవచ్చా? రెండుసార్లు పెట్టుకున్న అనుభవంతో చెప్తున్నాను

మీరు ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతున్నానన్నారు. రోజుకు 20 దాకా ఆర్డర్లు వస్తున్నాయి, పొయ్యి దగ్గరుంటే ఫోన్ ఆగడం లేదు, ఫోన్ పట్టుకుంటే పని ఆగిపోతోంది, అందుకని తన ఇంటి నుంచే పని చేసే అసిస్టెంట్‌ని ఎవరినైనా పెట్టుకుందామా, ఎంతివ్వాలి, కస్టమర్ల నంబర్లు ఇంకొకరి చేతికిస్తే నమ్మొచ్చా అని అడిగారు. పెట్టుకోండి. కానీ పెట్టుకునే ముందు ఒక వారం పని ఉంది మీకు, అది చేయకుండా పెట్టుకుంటే నాకు మొదటిసారి జరిగిందే మీకూ జరుగుతుంది.

మాది మంగళగిరి. చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతాను, కొట్టు లేదు, అంతా ఫోన్లోనే. మొదటిసారి ఒక ఏజెన్సీ ద్వారా ఒకమ్మాయిని పెట్టుకున్నాను, శ్రావణ మాసం ఇంకో రెండు వారాల్లో ఉందనగా. వరలక్ష్మీ వ్రతానికి చీరలు కావాలని మెసేజ్‌లు వరదలా వస్తుంటే నాకు టెన్షన్ ఎక్కువైపోయి, ఆమెకు ఫోన్ చేసి "అన్నీ మీరే చూసుకోండమ్మా" అన్నాను. అంతకన్నా తప్పు మాట ఇంకోటి లేదు. ఆ "అన్నీ"లో ఏమేం ఉన్నాయో నా తలలో ఉంది గానీ ఆమెకెలా తెలుస్తుంది? ఎవరైనా "అక్కా, ఈ చీరకి బ్లౌజ్ ముక్క వస్తుందా" అని అడిగితే ఆమె ఇంగ్లీషులో పెద్ద మర్యాదగా, కంపెనీ ఉత్తరంలాగా జవాబు రాసేది, పాత కస్టమర్లు నాకు విడిగా ఫోన్ చేసి "ఏమ్మా, కొట్టు ఎవరికైనా అమ్మేశావా" అని అడిగారు.

అదీ సర్దుకునేదాన్నే. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, చేనేతలో చాలా రంగులు ఒక్క చీరే ఉంటాయి, మగ్గం మీద నుంచి మళ్ళీ అదే రావాలంటే వారాలు పడుతుంది. ఒకే చీరను ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరికి, నేను వాట్సాప్‌లో ఇంకొకరికి అమ్మేశాం. ఇద్దరూ డబ్బులు కట్టేశారు, ఇద్దరూ వ్రతానికే కొన్నారు. ఒకావిడ డబ్బులు తిరిగి పంపించేశాను గానీ ఆవిడ ఆ తర్వాత మా దగ్గర కొనలేదు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నెలన్నరకి ఆ అమ్మాయిని మానిపించాను. ఆమె పని రానిది కాదు, నేను ఆమెకు ఏమీ చెప్పలేదు, అంతే.

ఆ తర్వాత నాలుగు నెలలు మళ్ళీ ఒక్కదాన్నే చేసుకున్నాను. అప్పుడే ఒక వారం నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ ఎందుకు పట్టుకున్నానో ఒక్క లైను రాశాను. ధర ఎంత, ఉందా అయిపోయిందా, కొరియర్ ఎక్కడిదాకా వచ్చింది, అడ్రస్ మార్చాలి, ఇంకో రంగు చూపించండి, బేరం, పాత ఆర్డరు మీద ఫిర్యాదు, నేతన్నల ఫోన్లు, ఇలా. వారం అయ్యాక లెక్క చూస్తే సగానికి పైగా మూడే ప్రశ్నలు: ధర, ఉందా, ఎక్కడిదాకా వచ్చింది. వీటికి జవాబు చెప్పడానికి నేనే అక్కర్లేదు. బేరం, ఫిర్యాదు, నేతన్నలతో మాట, ఈ మూడూ మాత్రం నేనే మాట్లాడాలి. అప్పటిదాకా నాకు పని మొత్తం ఒకే ముద్దలా కనిపించేది, నోట్‌బుక్‌లో చూశాక విడివిడిగా కనిపించింది. మీకు ముందు చెప్పిన వారం పని ఇదే.

మీకు ఈ లెక్క వేరేగా వస్తుంది. నిల్వ ఎన్నాళ్ళు, వెల్లుల్లి వేస్తారా, నువ్వుల నూనా వేరుశనగ నూనా, అరకిలో ఉందా, అమెరికాకి పంపుతారా, ఇవే తిరిగి తిరిగి వస్తాయనుకుంటాను. ఒక్కో ప్రశ్నకి మీరు మామూలుగా ఎలా చెప్తారో అలాగే, మీ మాటల్లోనే, ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఒక్క విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉండండి. ఎవరైనా "మా బాబుకి వేరుశనగ పడదు" అనో "నువ్వులు తింటే దద్దుర్లు వస్తాయి" అనో రాస్తే అసిస్టెంట్ ఊహించి జవాబు చెప్పకూడదు, ఆ మెసేజ్ నేరుగా మీకే రావాలి. చీర రంగు తేడా వస్తే మార్చి పంపొచ్చు, తిండి విషయం అలా కాదు.

రెండోసారి ఏజెన్సీ దగ్గరికి వెళ్ళలేదు. తెలిసినవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో, నా సొంత స్టేటస్‌లో పెట్టాను: రోజుకు రెండు గంటలు, తెలుగులో చక్కగా రాయగలగాలి, ల్యాప్‌టాప్ ఉండాలి, ఇంటి నుంచే పని అని. పదకొండు మంది అడిగారు. ఇంటర్వ్యూలు చేయలేదు, దానికి బదులు నాకు నిజంగా వచ్చిన పది మెసేజ్‌లు, పేర్లు నంబర్లు తీసేసి, అందరికీ పంపించి వీటికి మీరైతే ఏం జవాబు రాస్తారని అడిగాను. వాటిలో ఒకటి కోపంగా ఉన్న మెసేజ్, ఒకటి అసలేం అడుగుతున్నారో అర్థం కానిది, ఒకటి నేను రాసిపెట్టుకున్న జవాబుల కాగితంలో జవాబు లేనిది కావాలనే పెట్టాను. జవాబు లేనిదానికి చాలామంది ఏదో ఒకటి కల్పించి రాశారు. నరసరావుపేట నుంచి ఒకమ్మాయి మాత్రం "అక్కా, అది కనుక్కుని సాయంత్రం లోపు చెప్తాను" అని రాసింది. ఆమెనే తీసుకున్నాను. బీకాం చదివింది, చిన్న బాబు ఉన్నాడు, బయటికి వెళ్ళి ఉద్యోగం చేసే వీలు లేదు. రెండేళ్ళు దాటింది, ఇప్పటికీ ఆమే.

ముందు ఐదు రోజులు ట్రయల్ పెట్టాను, ఆ ఐదు రోజులకీ డబ్బులిచ్చాను. దయచేసి మీరు కూడా ట్రయల్ పేరుతో ఊరికే పని చేయించుకోవద్దు, ఆ ఐదు రోజుల్లోనే ఆమె కూడా మిమ్మల్ని చూస్తుంది. జీతం సంగతి అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను: రెండు గంటలకి నెలకు 4,500తో మొదలుపెట్టాం, ఇప్పుడు నాలుగు గంటలు, 10,000 ఇస్తున్నాను, శ్రావణంలో, దసరాకి, సంక్రాంతికి గంటలు పెరిగితే విడిగా లెక్క. ఏజెన్సీకి నేను కట్టింది ఇంతకన్నా ఎక్కువే, అందులో పని చేసిన అమ్మాయి చేతికి ఎంత వెళ్ళిందో నాకు తెలియదు. ఒకటో తారీఖున జీతం పడిపోవాలి, మన దగ్గర డబ్బులు ఆడకపోయినా సరే.

ఇప్పుడు నమ్మకం విషయం. నేను అడిగేది ఏంటంటే, నమ్మాల్సిన అవసరం రాకుండా ఎంతవరకు ఏర్పాటు చేసుకోగలరు? వాట్సాప్ బిజినెస్ యాప్‌లో మీ ఫోన్ కాక ఇంకో నాలుగు పరికరాలు కలుపుకోవచ్చు, ఆమె ల్యాప్‌టాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌ని మీ ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు. ఆమె ఒకసారి మీ ఇంటికి రావచ్చు, లేకపోతే వీడియో కాల్‌లో తెర చూపించినా సరిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పక్కర్లేదు, సిమ్ ఇవ్వక్కర్లేదు, వద్దనుకున్న రోజు మీ ఫోన్లోనే ఆ పరికరాన్ని లాగౌట్ చేసేయొచ్చు. మీ ఫోన్ మాత్రం రెండు వారాలు వాడకుండా పడేస్తే అవతల తెగిపోతుంది, అది గుర్తుంచుకోండి. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ కూడా ఇవ్వలేదు నేను, ఖాతాను ఫేస్‌బుక్ పేజీకి కలిపి మెటా బిజినెస్ సూట్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లు ఒకేచోట చూసుకునే మెటా వాళ్ళ టూల్) ఆమెకు మెసేజ్‌ల వరకే అనుమతి ఇచ్చాను. ఎవరైనా మీ పాస్‌వర్డే కావాలంటే అక్కడే ఆగిపోండి.

కస్టమర్ల నంబర్ల గురించి ఒక పేజీ కాగితం రాసుకున్నాం, తెలుగులోనే: నంబర్లు, అడ్రస్‌లు సొంత ఫోన్లోకి ఎక్కించుకోకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, మానేసిన రోజు అన్నీ తీసేయాలి అని. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, అందుకని కూడా, కానీ నాకు అంతకన్నా ముఖ్యం ఏంటంటే ఒకావిడ తన ఇంటి అడ్రస్ నన్ను నమ్మి పంపింది, దాన్ని నేను ఇంకొకరి చేతిలో పెడుతున్నాను. అది ఎంత పెద్ద విషయమో ఆ అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పాను.

డబ్బుల దగ్గర మాత్రం ఒక దెబ్బ తిన్నాం. ఆమె చేరిన మూడో నెలలో ఎవరో మూడు చీరలు ఆర్డర్ చేసి 7,800 కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపించారు, ఆమె "పెయిడ్" అని లేబుల్ పెట్టేసింది, నేను ప్యాక్ చేసి పంపేశాను. సాయంత్రం ఖాతా చూస్తే డబ్బులు రాలేదు, స్క్రీన్‌షాట్ దొంగది. ఆమె ఏడ్చేసింది, జీతంలో పట్టుకోమంది. పట్టుకోలేదు. డబ్బులు పడ్డాయో లేదో చూసే దారే ఆమెకు లేనప్పుడు తప్పు ఆమెది ఎలా అవుతుంది? ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం: యూపీఐలో ప్రతి చెల్లింపుకీ 12 అంకెల నంబరు ఉంటుంది, ఆమె ఆ నంబరూ మొత్తమూ షీట్‌లో రాస్తుంది, నేను బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌తో సరిపోల్చి టిక్ పెడతాను, టిక్ లేనిది ప్యాకింగ్ బల్ల మీదకి రాదు. రోజుకు రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి, పది నిమిషాల పని. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా మోసపోలేదు. బ్యాంకు లాగిన్, యూపీఐ పిన్ ఎంత మంచి మనిషికైనా ఇవ్వకండి.

షీట్ అంటే గూగుల్ షీటే. ప్రతి చీరకీ ఒక నంబరు, ఫోటో తీసేటప్పుడే ఆ నంబరు చీటీ పక్కన పెడతాను. ఎవరైనా అడిగితే ముందు షీట్‌లో "హోల్డ్" అని టైముతో సహా రాశాకే జవాబివ్వాలి, నేనైనా ఆమైనా. రెండు గంటల్లో డబ్బులు రాకపోతే హోల్డ్ తీసేస్తాం. ఇది పెట్టాక ఒకే చీర ఇద్దరికి అమ్మడం అనేది జరగలేదు. ఎవరైనా పొరపాటున చెరిపేసినా వెర్షన్ హిస్టరీలో పాతది దొరుకుతుంది. మీకు ఒక్కో సీసాకీ నంబరు అక్కర్లేదు గానీ, ఈ రోజు ఏ పచ్చడి ఎన్ని కిలోలు మిగిలిందో పొద్దున్నే మీరు రాస్తే ఆమె అమ్మినకొద్దీ తగ్గించుకుంటూ వెళ్ళొచ్చు, లేకపోతే గోంగూర అయిపోయాక కూడా గోంగూర ఆర్డర్లు తీసుకుంటూనే ఉంటుంది.

ఇంకొకటి, ఆమెకు నిర్ణయం తీసుకునే హక్కు కొంచెం ఇవ్వండి. మాకు 300 రూపాయల లోపు తేడా ఏదొచ్చినా నన్ను అడక్కుండా సర్దేయొచ్చు, ఆపైన అయితే నన్ను అడగాలి. మొదట్లో ప్రతి చిన్నదానికీ ఫోన్ చేసేది, అలాగైతే నా పని తగ్గినట్టెక్కడ? ఈ 300 మాట చెప్పాక రోజుకి పదిహేను కాల్స్ కాస్తా రెండో మూడో అయ్యాయి. దీనివల్ల నెలకు నాకు పోయేది ఏడెనిమిది వందలు మించదు.

రాత్రి 9 నుంచి 11 దాకా ఒక రెండు గంటలు ఆమె కూర్చుంటుంది, బాబు పడుకున్నాక. అది ఆమే అడిగింది, నాకూ కలిసొచ్చింది, ఎందుకంటే అమెరికాలో ఉన్న మనవాళ్ళకి అప్పుడే పొద్దున, మెసేజ్‌లు ఆ టైముకే వస్తాయి. ఆమె బాబుకి జ్వరం వచ్చిన రోజు పని ఉండదు, ఆ రోజు వాట్సాప్‌లో "అవే" (Away) మెసేజ్, అంటే మనం లేనప్పుడు దానంతటదే వెళ్ళే జవాబు, ఆన్ చేసి "రేపు జవాబిస్తాం" అని పెట్టేస్తాను. ఎవరూ ఏమీ అనుకోలేదు ఇప్పటిదాకా.

రోజుకు ఐదారు ఆర్డర్లే ఉంటే మాత్రం మనిషి అక్కర్లేదని చెప్పేదాన్ని. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకుని, ధరలు రాసుకుని, క్విక్ రిప్లైలు తయారు చేసుకుంటే, అంటే స్లాష్ గుర్తు కొట్టగానే ముందే రాసిపెట్టుకున్న జవాబు వచ్చేస్తుంది, సగం పని అక్కడే తీరుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. మీకు 20 ఆర్డర్లంటున్నారు కాబట్టి ఇవి ఎలాగూ చేసుకోండి, వీటితో పాటు రోజుకు రెండు గంటలకి ఒకరిని తీసుకోండి. ముందు ధరలు, అడ్రస్‌లు, కొరియర్ ట్రాకింగ్ ఈ మూడే ఇవ్వండి, నెల బాగా నడిచాక ఇంకోటి. అడ్రస్ తీసుకునేటప్పుడు పిన్‌కోడ్, రెండో ఫోన్ నంబరు లేకుండా ఆర్డరు పూర్తి చేయొద్దని మొదటి రోజే చెప్పండి, మాకు తిరిగొచ్చిన పార్సిళ్ళలో ఎక్కువ ఆ రెండూ లేకపోవడం వల్లే.

మనిషిని ఎప్పుడు తీసుకోవాలన్నది కూడా చూసుకోండి. నేను శ్రావణానికి రెండు వారాల ముందు తీసుకుని చెడగొట్టుకున్నాను. మీకు ఆవకాయ సీజన్ ఉంటుంది కదా, ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో తీసుకోండి, మామిడికాయ ముక్కలు కొట్టడం మొదలయ్యాక కొత్త మనిషి పక్కన కూర్చుని నేర్పించే తీరిక మీకు దొరకదు.