ప్రభుత్వ ఆఫీసుల పనితీరు మీద రీసెర్చ్ చేస్తే ఏమైనా ఒరుగుతుందా?

ఒరుగుతుంది. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు 4,000 రూపాయల లెక్కన చెక్కులు ఊరూరా పంచారు కదా, అప్పుడు కార్తీక్ మురళీధరన్, మరికొందరు ఆర్థికవేత్తలు కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని మండలాలను లాటరీ తీసినట్టు ఎంచుకుని, చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోన్ చేసి కనుక్కుంటామని అక్కడి వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. అంతే!

చెక్కు అందని రైతుల సంఖ్య మిగతా మండలాల కంటే అక్కడ 7.8 శాతం తగ్గింది. మరీ గొప్ప అంకె కాదనుకోండి, కానీ రైతు చేతికి అదనంగా చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 3.6 పైసలే. లాటరీ ఎందుకంటారా, చురుకైన ఆఫీసరున్న మండలాలే ఏరుకుంటే ఆ ఘనత ఫోన్‌దో ఆయనదో తేలదు.