జాన్ కాన్‌స్టబుల్ పెన్సిల్ స్కెచ్‌లను ఎలా చూడాలి?

ప్రశ్న: లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వెబ్‌సైటులో ఇంగ్లండ్ ప్రకృతిదృశ్య చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1814 నాటి జేబు స్కెచ్‌బుక్ పేజీలు చూశాను. ఆయన తైలవర్ణ చిత్రాలు నాకు ఎంతో ఇష్టం కానీ, ఇవి మాత్రం తొందరలో గీసిన గజిబిజి గీతల్లా అనిపించాయి. రొమాంటిక్ యుగపు (ప్రకృతికీ, భావావేశానికీ కళలో పెద్దపీట వేసిన, 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మధ్య వరకు సాగిన కాలం) ఇటువంటి పెన్సిల్ దృశ్యాల్లో రేఖనూ కూర్పునూ ఎలా ఆస్వాదించాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీకు తొందర కనిపించడం సహజమే. అంతకు ముందు ఏడాది నాటి ఇలాంటి పుస్తకం గురించి, తాను పెళ్లి చేసుకోబోయే మరియా బిక్నెల్‌కు రాస్తూ, నడకల్లో ఏరుకున్న చెట్లు, మొక్కలు, దూరదృశ్యాల తునకలని కాన్‌స్టబుల్ స్వయంగా చెప్పుకున్నారు. అయితే ఆ తొందర అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చేతిరాతను బట్టి రాసినవారు ఎక్కడ ఆగారో, ఎక్కడ పరుగెత్తారో తెలిసినట్టే, ఇక్కడ పెన్సిల్ ఒత్తిడిని బట్టి ఆయన చూపు ఎక్కడ నిలిచిందో తెలుస్తుంది. ఆకుల గుబురును ఏటవాలు గీతలతో చకచకా నింపి, కొమ్మ కింద నీడ పడిన చోట మాత్రం పెన్సిల్‌ను గట్టిగా నొక్కుతారు. ఆ గీతలను చెట్టు అంచులుగా చూస్తే గజిబిజే మిగులుతుంది. వెలుగు ఎటు నుంచి పడుతోందో చెప్పే గుర్తులుగా చూస్తే చెట్టు తనంతట తానే గుండ్రంగా లేస్తుంది.

కూర్పు తెలియాలంటే కళ్లు కొంచెం చికిలించి చూడండి. చిన్న వివరాలు చెరిగిపోయి, నల్లని ముద్దలూ, పెన్సిల్ తాకని తెల్లకాగితమూ మిగులుతాయి. నీరూ ఆకాశమూ చాలావరకు ఆ తెలుపులోనే ఉంటాయి కాబట్టి, ఏమీ గీయని చోటును ఖాళీగా భావించి దాటిపోకూడదు.

ఈ కూర్పుకు ఎంత బలం ఉందో తెలుసుకోవడానికి మంచి ఆధారం ఒకటుంది. 1822లో ఆయన ప్రదర్శించిన, దాదాపు ఆరడుగుల వెడల్పున్న ‘వ్యూ ఆన్ ది స్టౌర్ నియర్ డెడ్‌హామ్’ (డెడ్‌హామ్ ఊరి దగ్గర స్టౌర్ నది దృశ్యం) చిత్రానికి మూలం ఈ 1814 పుస్తకంలోని ఒక చిన్న పేజీయే. ఆ చిత్రం గీస్తున్నప్పుడు మిత్రుడు జాన్ ఫిషర్‌కు రాసిన ఉత్తరంలో, తెరచాపను తీసేశాననీ, మధ్యలో మరో పడవను చేర్చాననీ, చెట్ల గుంపును మార్చాననీ, వంతెనను పూర్తిగా కనిపించేలా చేశాననీ తెలిపారు. ఒక్కొక్క వస్తువునూ ఇలా తూచి కదిపిన మనిషి నదీతీరాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాడని అనుకోవడం, నా దృష్టిలో, ఆయనకు అన్యాయం చేయడమే. పేజీనీ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, ఏ బరువు ఎటు జరిగిందో గమనించండి.

ఆ తరువాత జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ స్కెచ్‌లు చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఆయనది సన్నగా చెక్కిన పెన్సిల్, నిదానమైన గీత. చాలా బొమ్మలపై తేదీ కూడా వేసుకునేవారు. 1813 జూన్ 3న ఎల్బే నది ప్రాంతంలో గీసుకున్న ఒక రాతి శిఖరాన్ని, సుమారు 1818 నాటి తన ప్రసిద్ధ చిత్రంలో, పొగమంచు సముద్రాన్ని చూస్తున్న బాటసారి కాళ్ల కింద ఉంచారు. నా మనసుకు కాన్‌స్టబులే దగ్గర. కానీ గీతను చదవడం ఇప్పుడే మొదలుపెట్టేవారికి ఫ్రీడ్రిక్ సులువు.