చిన్న టౌన్‌లో కుస్తీ పోటీలకు డాక్టరుగా వెళ్తే అక్కడ పనేముంటుంది?

కుస్తీ వాళ్ళు పోటీలకు రమ్మంటున్నారు, వెళ్ళి ఊరికే కూర్చోవడమేనా అని మీరు అడిగారు. మా టౌన్‌లో ఒక డాక్టరు గారు ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మొదలుపెట్టి, ముసలాయన అయ్యేదాకా పైసా తీసుకోకుండా ఆ కుర్చీలో కూర్చున్నారు. నేను ముందు ఆయన కళ్ళెదుటే కుస్తీ పట్టాను, తర్వాత స్కోరు టేబుల్ దగ్గర ఆయన పక్కన ఉండేవాణ్ణి.

సగం పని ఆట మొదలవకముందే అయిపోతుంది. బరువు తూచేటప్పుడు కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి మెడ, చెవుల వెనక, ముంజేతులు, గోళ్ళు చూసేవారు. తామర మచ్చో, గుత్తిగా నీటిపొక్కులో కనిపిస్తే ఆ రోజుకి ఆట లేదు. ఒళ్ళూ ఒళ్ళూ రాసుకునే ఆట కదా, ఒకడికి హెర్పిస్ (ఆ నీటిపొక్కుల జబ్బు) ఉంటే టీమంతటికీ అంటుకుంటుంది. పైన బ్యాండేజీ వేస్తే చాలదా అని కోచ్‌లు బతిమాలినా వినేవారు కాదు.

ఇక చెవులు. దెబ్బ తగిలితే చెవిలోని మృదులాస్థికీ దాని పైపొరకీ మధ్య రక్తం చేరి ఉబ్బుతుంది. కొద్ది రోజుల్లో తీయకపోతే గట్టిపడి చెవి ముడుచుకుపోతుంది. ఆయన సూదితో రక్తం లాగేసి, చెవి మడతల్లో తడి దూది కూరి, ముందూ వెనకా గాజుగుడ్డ పెట్టి బిగించి కట్టేవారు. ఆ కట్టు సరిగ్గా లేకపోతే మళ్ళీ నిండుతుంది. కుర్రాళ్ళకేమో ముడుచుకున్న చెవంటే గొప్ప! కట్టు పీకేసుకుని వచ్చినవాడికి నాలుగు తిట్లు తిట్టి మళ్ళీ కట్టేవారు.

వీటన్నిటికంటే ఆయన్ని భయపెట్టింది బరువు తగ్గించుకోవడం. నీళ్ళు మానేయడం, ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని పరుగెత్తడం... 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు ఇలాగే, దాదాపు నెల రోజుల్లో, ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ రూల్స్ మార్చారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 గ్రాములు ఎక్కువైనందుకు వినేశ్ ఫోగాట్ ఫైనల్ పోగొట్టుకోవడం మనమంతా చూశాం. మా డాక్టరు గారు సీజన్‌కి ముందే అందరి బరువులూ రాసుకునేవారు. ఎవడైనా ఒక్కసారిగా తగ్గితే నాలుక చూసి, మూత్రం రంగు అడిగి, "పై కేటగిరీలో ఆడు, లేదా ఇంటికెళ్ళు" అనేవారు.

ఒక ఫైనల్లో గెలుస్తున్న కుర్రాడి తల మ్యాట్‌కి గట్టిగా తగిలింది. డాక్టరు గారు వెళ్ళి స్కోరెంత అని అడిగారు. వాడు ఎదుటివాడి స్కోరు చెప్పాడు. అంతే, ఆట ఆపించేశారు. తండ్రి మీద మీదకొచ్చి అరిచాడు. ఈయన గొంతు కూడా పెంచలేదు, "రాత్రి నిద్రలో ఒకసారి లేపి చూడండి, వాంతి అయితే వెంటనే తీసుకురండి" అని మాత్రం చెప్పారు.

మీరు ఒప్పుకునే ముందు ఆట ఆపే విషయంలో మీ మాటే ఆఖరు మాటని నిర్వాహకుల చేత మైకులో చెప్పించండి. మా డాక్టరు గారు అది చెప్పేదాకా కుర్చీలో కూర్చునేవారు కాదు. గ్లోవ్స్, ఐస్, ముక్కులో పెట్టే దూది మీరే తీసుకెళ్ళండి, అక్కడ ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.